సీలు విప్పని వీడియో గేమ్

పాడైపోయిన వస్తువులు కొనడం నాకు నలభై దాటాక పట్టుకున్న జబ్బు. బీపీయో షుగరో రావలసిన వయసులో ఇది వచ్చింది. మొదట్లో మా ఆవిడ "పోనీలే, తాగుడు కాదుగా" అని సరిపెట్టుకుంది. హాల్లో పనిగట్టుకుని చేయించిన అద్దాల బీరువాలోకి మూడు రేడియోలు, రెండు టేప్‌రికార్డర్లు, ఒక నల్లటి డయలు ఫోను, వేలెడంత యాంటెన్నాలున్న సెల్‌ఫోన్లు నాలుగు వచ్చి చేరాక మాట మార్చింది. "తాగుడే నయం, సీసాలైనా పాతసామాన్లవాడు పట్టుకెళ్ళేవాడు" అంది. నేను వినిపించుకోలేదు.

ఆమెకేం తెలుసు? నాలాంటివాళ్ళం దేశంలో బోలెడుమందిమి ఉన్నాం. మాకు ఫోన్లో ఒక గ్రూపు కూడా ఉంది. అందులో పొద్దున్నే పువ్వులూ శుభోదయాలూ ఉండవు, తుప్పు పట్టిన స్క్రూల ఫొటోలుంటాయి. "ఇది కంపెనీ స్క్రూనా, తరవాత ఎవరైనా బిగించిందా?" అని ఒకాయన అడుగుతాడు. ఆ స్క్రూ పుట్టుపూర్వోత్తరాల మీద పెద్దలంతా మధ్యాహ్నం దాకా చర్చిస్తారు. పెళ్ళిసంబంధానికి కూడా ఎవరూ అంత ఆరా తీయరు. చర్చ తేలకపోతే మర్నాడు మళ్ళీ మొదలుపెడతారు.

ఈ వ్యాపారంలో ధరలు కట్టే పద్ధతి చాలా తేలిక. వాడిన వస్తువుకి ఒక ధర. దాని అట్టపెట్టె కూడా ఉంటే అంతకి మూడింతలు. అసలు పెట్టె విప్పనే లేదంటే ఇక అమ్మేవాడు నోటికొచ్చినంత చెప్పొచ్చు. అంటే నలభై ఏళ్ళు పాటలు పాడి ఇంటిల్లిపాదినీ మురిపించిన రేడియో కంటే, పుట్టాక ఒక్కసారీ నోరు విప్పని రేడియో గొప్పదన్నమాట. గ్రూపులో ఒక పళ్ళ డాక్టరు గారి దగ్గర ప్లాస్టిక్ కాగితం చించని క్యాసెట్లు రెండు వందలున్నాయి. ఒక్కటీ విన్న పాపాన పోలేదు. ఎందుకండీ అని ఒకసారి అడిగితే, "వింటే విలువ పోదూ?" అన్నారు, పిప్పిపన్నుని చూసినట్టు నన్ను చూసి.

గవర్నర్‌పేటలో మా ఇన్సూరెన్సు ఆఫీసు వెనక సందులో రేడియోలు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ అదే కొట్టు, అదే బల్ల. ఒకసారి ఒక టేప్‌రికార్డరు తీసుకెళ్ళి, లోపల దుమ్ము దులపండి చాలు, పైన గీతలు చెరపొద్దు, విరిగిన బటను మార్చొద్దు, పాట రాకపోయినా ఫర్వాలేదు అని చెప్పాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"సార్, బాగుచెయ్యకుండా ఉన్నందుకు నాకెంత ఇస్తారండీ?" అన్నాడు.

నేను ఒరిజినల్ అంటే ఏమిటో, దానికి మార్కెట్లో ఎంత మర్యాదుందో వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "మా నాన్నగారు బతికుంటే ఈ మాటకి కొట్టు కట్టేసేవారండి" అని దుమ్ము దులిపి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. చెయ్యని పనికి తీసుకునే అలవాటు లేదన్నాడు. నేను చేసే ఉద్యోగాన్ని గానీ అన్నాడేమోనని ఆఫీసు మెట్లెక్కేదాకా అనుమానంగానే ఉంది.

ఇలా ఊరంతా తిరిగిన నాకు, అన్నిటికంటే గొప్ప వస్తువు మా అమ్మ మంచం కింద దొరికింది. ఆరేళ్ళ కిందట నాన్న పోయాక, అమ్మ ఒక ట్రంకుపెట్టెతో బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా ఫ్లాటుకి వచ్చేసింది. ఆ ట్రంకులో ఏముందో నేనెప్పుడూ అడగలేదు. అమ్మల ట్రంకుల్లో చీరలు తప్ప ఏముంటాయి? మూడేళ్ళ తరవాత గదులకి రంగులు వేయిద్దామని మంచం జరిపి ట్రంకు బయటికి లాగితే, గొళ్ళెం ఊడి మూత తెరుచుకుంది. చీరల అడుగున, పాలిథిన్ కవరులో, చెక్కు చెదరకుండా మా చిన్నప్పటి వీడియో గేమ్. నాన్న పోయినప్పుడు జనం ముందు ఏడవని వాణ్ణి, ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. తన రంగు కూడా మారిపోయింది. పాపం, తనకీ నాన్న గుర్తొచ్చాడనుకున్నాను.

ఆ పెట్టె సంగతి చెప్పాలంటే మా ఊరు పెడన వెళ్ళాలి. మా తాత అక్కడ మగ్గం నేశాడు. నాన్న మగ్గం దిగి బట్టల కొట్టు పెట్టి, అందులో మిల్లు చీరలు అమ్మారు. నేను పాలసీలు అమ్ముతున్నాను. తరానికో మెట్టు ఎక్కుతూ మా వంశం చేత్తో పట్టి చూడటానికి వీల్లేని సరుకు దాకా వచ్చింది. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక మిల్లువాళ్ళు పండగ స్కీము పెట్టారు. ఫలానా ఇన్ని బేళ్ళ చీరలు ఎత్తిన కొట్టుకి, టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ ఉచితం. నాన్న ఎత్తారు. ఆ చీరలు వదిలించుకోవడానికి రెండేళ్ళు పట్టింది గానీ, వీడియో గేమ్ మాత్రం వెంటనే వచ్చేసింది.

అది ఇంటికొచ్చిన రోజు నేనూ, నాకంటే మూడేళ్ళు పెద్దదైన మా అక్కా దాని చుట్టూ ప్రదక్షిణాలు చేశాం. పెట్టె మీది బొమ్మలో ఇద్దరు పిల్లలు చెరో రిమోటూ పట్టుకుని పళ్ళికిలిస్తున్నారు. నాన్న దాన్ని కంపెనీ కవరుతో సహా బీరువా పైన పెట్టేశారు. "అబ్బాయికి క్లాసులో ఫస్టు ర్యాంకు వచ్చిన రోజున విప్పుతాను. అంతదాకా ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు" అన్నారు.

అక్కకి అప్పటికే ఏటా ఫస్టు ర్యాంకే. ఆ సంగతి నాన్నకి గుర్తు రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ రాలేదు. స్కీము నా ఒక్కడికే వర్తిస్తుంది. ఆ ఏడు నాకు పదకొండో ర్యాంకు వచ్చింది. మరుసటేడు పద్నాలుగు. తరవాత సంవత్సరాల సంగతి ఇక్కడ అనవసరం. పెట్టె బీరువా మీదే ఉండిపోయింది. ఏటా దసరాకి నాన్న కొట్లో గల్లాపెట్టెకి, కత్తెరకి, మీటరు బద్దకి, ఇంట్లో టీవీకి, ఫ్రిజ్జుకి పసుపు రాసి బొట్లు పెట్టేవారు. చివర్లో స్టూలెక్కి ఆ పెట్టెకి కూడా ఒక బొట్టు పెట్టేవారు. ఆడుకోవడానికొచ్చిన వస్తువు అలా దేవుడి వరసలో చేరిపోయింది.

నా బుర్ర బాగోలేక పాపం అక్క కూడా ఆడుకోలేకపోయిందే అన్న బాధ నాకు ముప్పై ఏళ్ళుగా ఉంది. నాది అంత పెద్ద మనసు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. చిన్నప్పుడు నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. నాన్న కొట్టు కట్టేసి వచ్చి కాళ్ళు కడుక్కునేలోపల, ఇంట్లో ఆ రోజు జరిగిందంతా అప్పజెప్పేసేవాణ్ణి. ఎవరొచ్చారు, అమ్మ ఎవరింటికెళ్ళింది, అక్క ఎవరితో మాట్లాడింది, అన్నీ. ఒకసారి అమ్మా అక్కా పక్కింటావిడతో కలిసి మ్యాట్నీకి వెళ్ళొచ్చారు. నాన్నకి సినిమాలంటే పడదు. నేను చెప్పేశాను. ఆయన అరవలేదు, చెయ్యి చేసుకోలేదు, అలాంటి మనిషి కాదు. పది రోజులు అమ్మతో మాట్లాడ్డం మానేశారు. కంచం ముందు కూర్చుని, ఎదురుగా గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషిని వదిలేసి, "మజ్జిగ పొయ్యమనరా" అని నాతో చెప్పేవారు. "అమ్మా, నాన్న మజ్జిగ పొయ్యమంటున్నారు" అని నేను అమ్మకి చెప్పేవాణ్ణి. ఆ పది రోజులూ ఇంట్లో నాకు మంచి హోదా ఉండేది.

సరే, పెట్టె దొరికింది. మూడేళ్ళు దాన్ని అద్దాల బీరువాలో నడిమి అరలో పెట్టి తాళం వేసుకుని, వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిశాను. మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అమ్మ ఆ బీరువాకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటోందని, ఒకసారి ఆఫీసు నుంచి తొందరగా వచ్చిన మా ఆవిడ చెప్పింది. నాన్న జ్ఞాపకాలు అని నేను తేల్చేశాను. అన్నిటికీ నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది.

ఈ ఏడు నాకు ఒక విప్పని రేడియో మీద మనసు పడింది. అది కొనాలంటే ఈ విప్పని వీడియో గేమ్ అమ్మాలి. పెట్టెని అన్ని వైపుల నుంచీ ఇరవై ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాను. అర్ధగంటలో తిరనాళ్ళ సందడి. ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు కవరు అతుకుని పెద్దది చేసి చూసి, "వెంట్రుకంత సన్నంగా, ఒక్క గీతలో ఉంది. ఇది ఫ్యాక్టరీ మిషను సీలే, నాది పూచీ" అని రాశారు. ఇంకొకాయన ప్లాస్టిక్ మందం చూసి, ఇది ఆ కాలం నాటి సరుకే, ఇప్పుడు అలాంటిది రాదని తీర్పిచ్చాడు. పళ్ళ డాక్టరు గారు ఆ పెట్టె దగ్గర నన్ను దగ్గొద్దన్నారు. సాయంత్రానికి హైదరాబాదు నుంచి ఒకతను ఫోన్ చేసి, నా మూడు నెలల జీతమంత చెప్పాడు. నేను కొంచెం బెట్టు చేసి, ఆదివారం వచ్చి చూసుకోమన్నాను.

ఆ మాట అమ్మకి చెప్పినప్పుడు తను డైనింగు టేబుల్ దగ్గర చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"అది ఉండనీరా, అమ్మొద్దు" అంది.

"ఎందుకమ్మా?"

"ఊరికే. ఉండనీ."

"ఊరికే ఉంచితే ఏమొస్తుంది? దాంతో ఇంట్లో ఎవరైనా ఆడతారా?"

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "నేను అడుగుతున్నా కదరా, అమ్మొద్దు" అంది మళ్ళీ. అమ్మ నన్ను ఏదీ అడగదు. కాఫీలో చక్కెర తక్కువైనా అడగకుండా తాగేస్తుంది. అలాంటి మనిషి ఒకే విషయం రెండుసార్లు అడిగిందంటే, అది ఆవిడకి ప్రాణంతో సమానమని నాకు తట్టాలి. తట్టలేదు. వచ్చిన డబ్బులో నాన్న ఫొటో పెద్దది చేయించి మంచి ఫ్రేము కట్టిస్తానని హామీ ఇచ్చాను. అమ్మ చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అక్క తెనాలిలో లెక్కల టీచరు. ఆమెకి ఫోన్ చేసి, "అక్కా, నా వల్ల నీకు చిన్నప్పుడు అన్యాయం జరిగింది. అమ్మితే సగం నీది" అన్నాను గంభీరంగా. అవతల చాలాసేపు మాట లేదు. ఏడుస్తోందనుకుని, ఊరుకోమని ఓదార్చాను. ఆదివారం తప్పకుండా వస్తానని గొంతు సవరించుకుని చెప్పింది.

ఆదివారం అక్క పదకొండింటికే వచ్చింది. వస్తూనే వంటింట్లోకి వెళ్ళి అమ్మతో చాలాసేపు గుసగుసలాడింది. "చెప్పెయ్యవే అమ్మా" అన్న మాట ఒక్కటి వినపడింది. కూర గురించో, తన అత్తగారి గురించో అనుకున్నాను. మా ఆవిడ పెళ్ళికెళ్ళింది. మధ్యాహ్నం రెండింటికి కొనేవాడు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. పెట్టె తీసి బల్ల మీద పెట్టగానే చేతులకి తెల్ల గ్లవ్సు తొడుక్కున్నాడు. అమ్మ కాఫీ తెస్తే, "కొంచెం దూరంగా పెట్టండమ్మా, ఆవిరి తగులుతుంది" అన్నాడు. కాఫీకి ఆవిరి ఉంటుందని మా ఇంట్లో అంతకు ముందెవరూ ఆలోచించలేదు. అమ్మ గ్లాసు పట్టుకెళ్ళి టీవీ పక్కన పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడింది. అక్క ఆమె పక్కన చేరింది.

అతను టార్చి వేసి, భూతద్దం పెట్టి, కవరు అతుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. నిట్టూర్చాడు.

"సీల్ చూశారా సార్? చేత్తో చేస్తే ఇంత తిన్నగా రమ్మన్నా రాదు. జపాన్ మిషన్ అయ్యుంటుంది" అన్నాడు.

అమ్మ మొహం ఎందుకో వెలిగింది. కొంగు భుజం మీదికి సర్దుకుని ఒక అడుగు ముందుకేసింది.

అతని భూతద్దం పెట్టె మూల దగ్గర ఆగింది. "ఇక్కడేదో ఎర్రగా మరకుందండీ" అన్నాడు. నేను ఇలాంటి అవకాశం కోసమే చూస్తున్నాను. మరక కాదండీ, చరిత్ర అన్నాను. మా నాన్నగారి దసరా పూజ గురించి, స్టూలెక్కడం గురించి, చేతి వేలితో స్వయంగా బొట్టు పెట్టడం గురించి చెప్పాను. "ఇరవై తొమ్మిది దసరాలండీ. ఏటా ఒక బొట్టు. ఒకటి చెరిపింది లేదు, తుడిచింది లేదు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి మీకు?" అన్నాను.

అతను పెట్టెని మెల్లగా తిప్పాడు. పైన చూశాడు, కింద చూశాడు, నాలుగు పక్కలా చూశాడు.

"ఒక్కటే ఉంది సార్" అన్నాడు.

"సరిగ్గా చూడండి."

"చూశానండీ. ఒక్కటే బొట్టు."

భూతద్దం లాక్కుని నేను చూశాను. ఒక్కటే ఉంది. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న పెట్టె, ఇరవై ఫొటోలు తీసిన పెట్టె. ఎప్పుడూ లెక్కపెట్టలేదు. తలెత్తి చూస్తే అక్క చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

"నవ్వకే" అని అమ్మ ఆమెని కసిరింది. తరవాత నాతో, కూరలో ఉప్పెందుకు తగ్గిందో చెప్పినట్టు మామూలుగా చెప్పింది. "మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఎన్నుండాలో అన్నీ పెట్టేదాన్నిరా. ఆయన పోయాక లెక్కపెట్టేదెవరని ఒకటి పెట్టి ఊరుకున్నా."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఇంజనీరు గారు పూచీ పడిన ఆ ఫ్యాక్టరీ మిషను మా అమ్మ. బట్టల కొట్టు నడిపేవాళ్ళ ఇళ్ళల్లో ఇది రోజూ ఉండే పనే. బేరానికొచ్చినవాళ్ళు ఇరవై చీరలు విప్పించి, ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోతారు. ఆ చీరలన్నీ ఇంటికొచ్చేవి. అమ్మ వాటిని పాత మడతల మీదే మళ్ళీ మడిచి, కొత్త కవర్లలో పెట్టి, కవరు మూతిని స్టీలు స్కేలు మీదికి మడిచి, అంచు వెంట కొవ్వొత్తి మంట అలా తాకించి లాగేసేది. మర్నాడు కొట్లో అవి కొత్త స్టాకు. నేను ఆ కొవ్వొత్తి పక్కనే కూర్చుని హోంవర్కు చేసినవాణ్ణి. అయినా ఫొటోలో ఆ అతుకు చూసి మా అమ్మ చేతిపని అని పోల్చుకోలేకపోయాను. ఏటా స్టూలెక్కి బొట్టు పెట్టిన నాన్న, తన కొట్టు కవరు తనే పోల్చుకోలేదు. అందులో మాత్రం నేను అచ్చం ఆయన కొడుకునే.

మిగతాది అక్క చెప్పింది. తను ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ మధ్యాహ్నానికే అయిపోయేది. నాన్న భోంచేసి కొట్టుకి వెళ్ళేవారు, నేను బడిలో ఉండేవాణ్ణి. ఒంటిగంట నుంచి మూడున్నర దాకా ఇల్లు వాళ్ళదే. మొదటిసారి పెట్టె కిందికి దించింది అమ్మే. ఏటా ఫస్టొస్తున్న పిల్లకి ఎవరూ ఏమీ ఇవ్వలేదన్న కోపంతో బ్లేడు తీసుకుని కవరు కోసేసిందట. ఆడాక ప్రతిసారీ కొత్త కవరు అతికించి, బొట్లన్నీ మళ్ళీ పెట్టేదట. తరవాత కూతురి కంటే తనకే ఆ ఆట ఎక్కువ పట్టుకుంది. అక్క పెళ్ళయి వెళ్ళిపోయాక కూడా ఒక్కతే కూర్చుని ఆడుకునేదట.

"ఏం ఆడేదానివమ్మా?" అని అడిగాను.

"ట్యాంకులాట. చివరిదాకా వెళ్ళేదాన్ని. అయిపోతే మళ్ళీ మొదటికొస్తుందది" అంది అమ్మ. కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి.

"నన్ను మాత్రం తన ట్యాంకుకి అడ్డం రానిచ్చేది కాదురా. పక్కకి పోవే అని తిట్టేది" అంది అక్క.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అక్క నవ్వడం ఆపింది. "నీకు చెబితే నాన్నకి చెప్పినట్టేగా. అమ్మ మళ్ళీ పది రోజులు మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడాలా?" అంది.

ఈ గొడవలో కొనేవాణ్ణి అందరం మర్చిపోయాం. చూస్తే అతను గ్లవ్సు విప్పేసి, ఉత్త చేతులతో కవరు తడుముతున్నాడు. మోసపోయినందుకు మండిపడతాడనీ, గ్రూపులో నా పరువు తీస్తాడనీ భయపడ్డాను. అతను లేచి వెళ్ళి, టీవీ పక్కన చల్లారిపోయిన కాఫీ తెచ్చుకుని, ఒక గుక్క తాగాడు.

"అమ్మగారూ, మీరు ఇప్పుడు కూడా ఇలా చెయ్యగలరాండీ?" అన్నాడు.

"దేనికి బాబూ?"

"నా దగ్గర ఓ నలభై పెట్టెలున్నాయండీ. అన్నీ విప్పినవే. నేను తెచ్చి ఇస్తాను, ఇలా అతికించి ఇవ్వండి చాలు. పెట్టెకింతని మీరెంతంటే అంత. ఈ చెయ్యి ఇండియాలో ఇంకెవరికీ లేదండీ."

ఇంతసేపూ సీలు పవిత్రత గురించి నిట్టూర్చినవాడు ఇతనే. ఛీ అనాలి నేను. అనలేదు. నా బుర్రలో అప్పటికే నలభైని దేంతోనో హెచ్చవేయడం మొదలైంది. నలభై పెట్టెలంటే ఆ విప్పని రేడియో కాదు, దాని తాతే వస్తుంది.

అమ్మ అతని మాటలు శ్రద్ధగా విన్నది. మెచ్చుకున్నందుకు సంతోషపడినట్టే ఉంది. కానీ తల అడ్డంగా ఊపింది.

"చీరలకి చేశానంటే అది కొట్టు పని బాబూ, ఆయన చెప్పారు, చేశా. అవి వంకర పోయినా ఎవరూ ఏమనేవారు కాదు. దీనికి మాత్రం భయంతో చేశా. భయం లేకపోతే చెయ్యి అంత తిన్నగా రాదు" అంది.

అతను కాఫీ పూర్తిచేసి, గ్లాసు తనే సింకులో పెట్టి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ నా చెవిలో, "ఈ కొవ్వొత్తి సంగతి గ్రూపులో రాయకండి సార్, మార్కెట్ దెబ్బతింటుంది" అన్నాడు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ముగ్గురం మిగిలాం. పెట్టె బల్ల మీదే ఉంది. నాకు కోపం వచ్చిందో, సిగ్గేసిందో, చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చిందో తెలీదు, బహుశా మూడూను. ఎవరిమీదైనా అరవాలి, ఎవరూ దొరకడం లేదు. చివరికి ఒక పాయింటు దొరికింది.

"సరే, నాన్న ఉన్నప్పుడంటే భయం. ఆయన పోయాక, ఈ ఇంట్లో కూడా ఎందుకమ్మా అంటించడం? ఇక్కడ నిన్ను అడిగేదెవరు?" అన్నాను.

అమ్మ బల్ల మీద అతను వదిలేసిన గ్లవ్సు మడతపెట్టింది.

"నువ్వున్నావుగా" అంది.

ఆ మాటలో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. వర్షమొస్తోంది, బట్టలు తియ్యాలి అన్నంత మామూలుగా అంది. "మీరిద్దరూ ఆఫీసులకెళ్ళాక మీ టీవీకి తగిలించుకుని ఆడుకునేదాన్ని. కొట్టు మూసినప్పుడు మిగిలిన కవర్లు ట్రంకులో ఉన్నాయిగా, నువ్వొచ్చేలోపల అంటించి సర్దేసేదాన్ని. నీకు దొరికేదాకా బాగానే జరిగింది." అద్దాల బీరువా వైపు ఒకసారి చూసింది. "మీ నాన్న తాళమైనా వేసేవారు కాదురా" అంది.

అక్క కిటికీ వైపు తిరిగి నిలబడింది. నేను జేబులోంచి తాళాల గుత్తి తీసి, బీరువా తాళంచెవిని ఊడదియ్యబోతే రింగు బిగుసుకుపోయి రాలేదు. అక్క వచ్చి గుత్తి తీసుకుని, తన చీరకున్న పిన్నుతో రింగు విడదీసి ఇచ్చింది. తాళంచెవి అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ దాన్ని కొంగుకి ముడేసుకుంటూ, నా మొహంలోకి చూడకుండా, "దీన్ని మళ్ళీ అడగవుగా?" అంది.